పావురాల కిటికీ

పొద్దున్నే కాఫీ కలిపాక దర్జీ చేసే మొదటి పని, భార్య మంచం పక్కనున్న కిటికీ తెరవడం. రెక్క తీసీ తీయకముందే పావురాలు కువకువలాడుతూ గూటి చెక్క మీద వాలేవి. ఆ గూడు ఆయన చేసిందే. కత్తెర పట్టడమే గానీ సుత్తి పట్టడం తెలియని మనిషి, వేళ్ళు చితక్కొట్టుకుని మరీ చేశాడు.

"గాలి పీల్చవే. గట్టిగా పీల్చు," అన్నాడు.

ఆమె పీల్చింది. దగ్గింది. దగ్గు తెర ఆగాక, ఆయన కోసం నవ్వింది కూడా.

మంచానికి ఎదురుగా గోడ మీద పత్రిక ముక్క అంటించి ఉంది. 'పావురాల కువకువతో ఆయాసానికి చెక్!' కింద, ఆ పత్రికలో పనిచేసే వాళ్ళ కూతురి పేరు. ఆమె పేరు అచ్చులో రావడం అదే మొదలు. ఆ రోజు తండ్రి తన కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపించాడు. జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఓ ఇల్లాలు ఆ సంబరం చూసి, కొలతలివ్వకుండానే వెళ్ళిపోయింది పాపం.

ఆ వార్త ఎలా పుట్టిందో కూతురికే తెలుసు. పేజీలో కాస్త జాగా మిగిలింది. "జంతువులూ ఆరోగ్యమూ అంటే జనం ఎగబడి చదువుతారు, ఏదో ఒకటి అల్లెయ్," అన్నాడు డెస్క్ ఇన్‌చార్జి. నెట్‌లో కనబడ్డ నాలుగు ముక్కలు తెచ్చి, ముందు 'పరిశోధనలో తేలింది' అని తగిలించింది. ఎవరి పరిశోధన? అడిగిన నాథుడు లేడు. ఆ డెస్క్‌లో ఆ ఒక్క మాట ముందుంటే గాడిద గుడ్డు కూడా వార్తే!

ఆయాసం మరీ ఎక్కువై ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు, డాక్టరు స్కాన్ చూసి, "ఇంట్లో పావురాలున్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయండీ. ఈవిడ ఆయాసానికి మందుగానే పెంచుతున్నాను," అన్నాడు దర్జీ గర్వంగా.

డాక్టరు రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. ఆ రెట్ట దుమ్మూ, ఈకల ధూళీ అందరికీ ఇంత చేటు చేయవట. ఈమెకు పడలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. పాడైంది మళ్ళీ బాగుపడదు, మిగిలింది కాపాడుకోవాలి అని చెప్పింది.

సాయంత్రం కూతురు గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, తండ్రి ఎదురెళ్ళాడు.

"ఆ డాక్టరమ్మకేం తెలుసే! నా కూతురు రాసింది తప్పంటుందా? ఆ పరిశోధన ఎవరు చేశారో చెప్పమ్మా. రేపెళ్ళి ఆవిడ మొహం మీదే అడిగేస్తాను."

కూతురు ఆయన చేతిలోని స్కాన్ కాగితం తీసుకుని చివరిదాకా చదివింది.

"పరిశోధన లేదు నాన్నా."

"లేదంటే?"

"జాగా మిగిలితే నింపడానికి రాశాను. ఎవర్నీ అడగలేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకెవరు రాసినా నమ్మేవాణ్ణి కాదే. నీ పేరు చూసి నమ్మాను. రోజూ ఈ చేతుల్తోనే కిటికీ తీసి, పీల్చవే, పీల్చవే అని..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

"దాన్నేమీ అనకండి," అంది తల్లి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ. "కిటికీ తీస్తే ఆయాసం ఎక్కువవుతోందని నాకెప్పుడో తెలుసు."

"తెలిసీ చెప్పలేదేంటమ్మా!"

"దాని మీద నీ పేరుంది కదే. నా ఒంట్లోనే ఏదో తేడా ఉందనుకున్నాను. నువ్వు రాసింది అబద్ధమని నా నోటితో ఎలా అననే?"

కూతురు తల్లి ఒళ్ళో తల పెట్టి బావురుమంది. ఆ ఒడి ఎగశ్వాసతో కదులుతూనే ఉంది.

తండ్రి ఆ రాత్రే గూడు పీకేశాడు. పత్రిక ముక్క చింపేశాడు. కూతురితో మాత్రం మాట్లాడలేదు. మర్నాడు ఆమె ఇన్‌చార్జి ముందు నిలబడింది.

"మన వార్త తప్పని మనమే వేసుకుంటామా? మతి పోయిందా నీకు?" అన్నాడాయన.

"నా పేరు వేశారుగా సార్. నా తప్పు కూడా వెయ్యండి. వేసేదాకా ఇక్కణ్ణించి కదలను."

చివరికి ఓ మూల, చిన్న అక్షరాల్లో వేశారు. 'పావురాలతో ఆయాసం తగ్గుతుందని నేను రాసింది నిజం కాదు. దాన్ని నమ్మి మా అమ్మ జబ్బు ముదిరింది. ఎవరైనా నమ్మి ఉంటే వెంటనే డాక్టరుకు చూపించుకోండి.' కింద ఆమె పేరు.

మంచం పక్కన కూర్చుని చదివి వినిపించింది. తల్లి మళ్ళీ చదివించుకుంది.

"ఇది బాగా రాశావే," అంది. "ఏవండీ, ఎదురుగా అంటించండి. నాకు కనబడాలి."

తండ్రి లేచాడు. ఆ మూడు వాక్యాల చుట్టూ కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, పాత చోటే అంటించాడు. మూసిన అద్దం అవతల పావురాలు వచ్చి, గూడు కోసం వెతుక్కుంటూ ముక్కులతో పొడుస్తున్నాయి. అలవాటుగా ఆయన చెయ్యి కిటికీ గడియ దాకా వెళ్ళింది. కూతురు ఆ చేతిని పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు.

"తెరవకు నాన్నా," అంది ఏడుస్తూ.

"తెరవనమ్మా," అన్నాడాయన. "ఇంక తెరవను."