రెండో ఆకు మొదటి మాట

కర్నల్ స్ట్రోబ్ల్ ఫైల్ మూశాడు.

"సరిహద్దు అవతల మన ఏజెంట్లు పదకొండుమంది. వాళ్ల పేర్లు విల్డెన్‌ఫుర్ట్ మఠంలోని పాత చేతిరాత పుస్తకంలో ఉన్నాయి. ఏడువందల ఏళ్ల నాటి దైవశాస్త్రం, తత్వశాస్త్రం. అక్షరాల కింద సూదిపోట్లు, అదే కోడ్. అవి పొడిచిన మనవాణ్ణి నిన్న కాల్చేశారు, పుస్తకం మాయం. అది సరిహద్దు దాటితే పదకొండుమందీ పోయినట్టే."

ఆ పుస్తకం కోసం కర్నల్ పంపిన ఏజెంట్ కిలియన్ ఆషావర్ వైన్ వ్యాపారి వేషంలో సరిహద్దు రైల్వే స్టేషన్ చేరాడు. రెండు రోజులుగా నిద్ర లేదు. పొగతాగే పైపులో అమర్చిన రేడియో గురగురలాడుతోందే తప్ప ఒక్క మాట పలకడం లేదు.

కాఫీ హోటల్లో డబుల్ ఏజెంట్ హెర్మీనా ఎదురొచ్చింది. ఉన్నికోటు, ఘాటైన సెంటు.

"ఈ ఏడు ద్రాక్ష పులుపట," అంది, సంకేతపు మాట.

"పులుపుకే గిరాకీ."

బల్ల కింద బరువైన పొట్లం అందించింది. "దొంగల దగ్గర కొట్టుకొచ్చాను. వాళ్లకి అనుమానం రాకుండా నాలుగింటి రైల్లో ప్రాగ్ వెళ్తున్నా."

ఎనిమిదేళ్లలో ఆమె ఏదీ ఊరికే ఇవ్వలేదు. విప్పి చూస్తే పుస్తకమే, సూదిపోట్లూ ఉన్నాయి. వియన్నాలో కోడ్ విప్పడానికి మూడు రోజులు పడుతుంది. అసలుదో కాదో ఇప్పుడే తేల్చుకోవాలని కిలియన్ మఠానికి కారు తోలాడు.

లైబ్రేరియన్ ఫాదర్ గేరోల్డ్ ముందు చేతులు కడుక్కున్నాడు. తర్వాత కళ్లద్దాలు వెతుక్కున్నాడు.

"ఫాదర్, పది నిమిషాల్లో చెప్పండి, నాలుగింటికి రైలు వెళ్లిపోతుంది! మీకు దణ్ణం పెడతా!"

"పుస్తకానికి తొందరేం లేదు నాయనా." పాత కేటలాగ్ తీసి వేలితో వరసలు వెతికాడు. "మొదటి పేజీ ఏ ప్రతిలోనైనా ఒకేలా మొదలవుతుంది. అందుకే మా పెద్దలు రెండో ఆకు మొదటి మాట రాసిపెట్టుకునేవారు. రాసేవాడి చేతిని బట్టి ఆకు తిరిగే చోటు మారుతుంది, దాంతో ఆ మాటా మారుతుంది. మాది 'ఆత్మ' అని మొదలవ్వాలి. ఇందులో 'అగ్ని' అనుంది. వేరే మఠం ప్రతి చూసి చేసిన నకలు ఇది."

కిలియన్‌కి ఒళ్లు మండిపోయింది. ఈ ముక్క చెప్పడానికా ఇంతసేపు!

స్టేషన్ చేరేసరికి రైలు కదిలింది. పరుగెత్తి చివరి పెట్టె ఎక్కి, సరిహద్దు గేటుకి వంద గజాల ముందు గొలుసు లాగాడు. హెర్మీనా టోపీ పెట్టెలో, పట్టుగుడ్డలో చుట్టి, అసలు పుస్తకం ఉంది.

"ఎలా కనిపెట్టావ్?" అంది బేడీలు పడుతుంటే.

"నేను కాదు. నన్ను చంపుకుతిన్న ముసలాయన."

సాయంత్రం ఫాదర్ గేరోల్డ్ పట్టుగుడ్డ విప్పి ఒక్కో ఆకూ వెలుతురుకి పట్టి చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆవిడ దీన్ని పట్టుగుడ్డలో చుట్టింది. మీవాడు సూదితో తూట్లు పొడిచాడు. దొంగ ఎవరు నాయనా?"

కిలియన్ రిపోర్టులో అన్నీ రాశాడు, ఈ ప్రశ్న తప్ప.