కుడి అద్దం మీద గీత

"ఒక గీత ఉంది," అన్నారు మా మామగారు.

మా పెళ్ళి ఖాయమైన మాట అదే. అప్పటికి ఆయనింకా మామగారు కాదు, కళ్ళజోళ్ళ షాపు ఓనరు. నేను కౌంటరుకి ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డ కస్టమర్ని. అది శుభవార్త అని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఎందుకో చెప్పాలంటే ముందు నా చొక్కా గురించి చెప్పాలి.

నేను ఇళ్ళకి ప్లాన్లు గీస్తాను. ఒకరోజు గీతలు మసకగా కనిపిస్తుంటే, పవర్ పెరిగిందేమోనని ఆ షాపుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి కళ్ళజోడు ఇమ్మంది. తీసి, ఆవిరి ఊది, చొక్కా అంచుతో శుభ్రంగా తుడిచి, మర్యాదగా అందించాను.

ఆమె అందుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఈ చొక్కానా? పోయిన ఏడాది కొన్నాను."

"దాంతో తుడవడం."

"ఊహ తెలిసినప్పటి నుంచీ."

"మీకు పవర్ పెరగలేదు. అద్దాల మీద దుమ్ముంటుంది. పొడిగుడ్డతో రుద్దితే అదే గీకేస్తుంది. ముందు నీళ్ళు, ఒక్క చుక్క సబ్బు, ఆ తర్వాత మెత్తటి గుడ్డ. ఇంట్లో గిన్నెలు కూడా చొక్కాతోనే తోముతారా?"

"ఎవరూ చూడకపోతే."

ఆమె పక్కకి తిరిగి డ్రాయరులో ఏదో వెతికింది. కళ్ళజోడు పెట్టుకుని లేను కాబట్టి నవ్విందో లేదో నాకు తెలియలేదు. భుజాలు కదలడం మాత్రం లీలగా కనిపించింది. ఆ లీలగా కనిపించినదాని మీదే నా భవిష్యత్తు మొత్తం కట్టుకున్నాను.

ఆ రోజు నుంచి నా పేరు చొక్కాగారు. నా కళ్ళజోడుకి కూడా ఆ రోజు నుంచే రోగాలు పట్టుకున్నాయి. ఓసారి కాడ వంగేది. ఓసారి స్క్రూ వదులయ్యేది.

"చొక్కాగారూ, స్క్రూ దానంతటదే వదులవడం వేరు. దీన్ని ఎవరో చాకుతో తిప్పారు."

"చాకు కాదండీ. కత్తెర కొన."

మా మధ్య ప్రేమ ప్రస్తావన రావడం అదే మొదలు.

ఆరు నెలల తర్వాత ధైర్యం చేసి వాళ్ళ నాన్నగారి ముందు నిలబడ్డాను. "మీ అమ్మాయిని కంటికి రెప్పలా చూసుకుంటానండీ," అన్నాను. రాత్రంతా తయారు చేసుకున్న మాట.

"రెప్ప సంగతి తర్వాత బాబూ. ముందు కంటి ఎదురుగా ఉన్న అద్దం ఎలా చూసుకుంటావో చూద్దాం." నా పవర్‌కి కొత్త కళ్ళజోడు చేయించి చేతిలో పెట్టారు. "నెల తర్వాత తీసుకురా."

నెల తర్వాత ఒక్క గీత లేకుండా తీసుకెళ్ళాను. ఆయన దీపం కింద పెట్టి, భూతద్దంలో చూసి, నిట్టూర్చారు.

"ముక్కు మీద ఆనే ప్యాడ్లకి చెమట మరకైనా లేదు. పెట్టుకోలేదు కదూ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కొత్తది డబ్బాలో దాచి, పాత గీతల జోడుతోనే నెల గడిపాను. ఆ నెలలో నేను గీసిన ఒక ఇంట్లో బాత్రూముకి తలుపు లేదు.

"గీత పడుతుందేమోనని..."

"రేపు మా అమ్మాయిని కూడా డబ్బాలో పెడతావా? ఇదే ఆఖరి అవకాశం. వానలు తగ్గాక రా. ఈసారి పెట్టుకుని తిరుగు."

పెట్టుకుని తిరిగాను. రెండు చేతులతో, మెడలోంచి దండ తీసినట్టు తీసేవాణ్ణి. రోజూ కుళాయి కింద కడిగి, అద్దాలు పైకి ఉండేలా పెట్టేవాణ్ణి. ప్రపంచంలో ఇన్ని అంచులున్నాయని అప్పుడే తెలిసింది. ఆమె కుడి కనుబొమ చివర ఆవగింజంత పుట్టుమచ్చ ఉందని కూడా.

ఒక సాయంత్రం వానలో బస్టాపు రేకు కింద నిలబడి ఉంటే, ఆమె పరిగెత్తుకుంటూ వచ్చింది. నా అద్దాల నిండా చినుకులు.

"ఏమైనా కనిపిస్తోందా నీకు?"

"నువ్వు. పక్కన ఇంకో నువ్వు. అటు పక్క ఇంకో—"

"చాలు, ఒక్కదాన్నే భరించు," అంటూ నా కళ్ళజోడు లాగి, తన స్కార్ఫుతో గుండ్రంగా, గబగబా తుడిచేసింది.

తర్వాత ఇద్దరం ఆ స్కార్ఫు వంక చూశాం. ఆమె అద్దాన్ని వీధిదీపానికి అడ్డంగా పట్టింది. కుడివైపు వెంట్రుకంత గీత.

"నేనేనా?"

"వాన."

"వాన గీకదు." కళ్ళజోడు నా చేతిలో పెట్టేసింది. "నాన్నకి నేను చెప్పేస్తాను."

"వద్దు. కళ్ళజోళ్ళ షాపులో పుట్టి స్కార్ఫుతో తుడిచావని తెలిస్తే, నాకు నువ్వు దక్కవు, నీకు కౌంటరు దక్కదు."

వానలు తగ్గాయి. వెళ్ళాను. ఆయన భూతద్దంలో చూశారు.

"ఒక గీత ఉంది. ఎలా పడింది?"

"నా పొరపాటేనండీ. చొక్కాతో తుడిచాను."

ఆయన వెనక నిలువుటద్దం తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఎలా తుడిచావు? చూపించు."

గాల్లో తుడిచి చూపించాను.

"అడ్డంగా. నీ పాత జోడు మీద గీతలన్నీ అడ్డమే. ఇది వంకీ తిరిగి ఉంది. గుండ్రంగా రుద్దే అలవాటు మా ఇంట్లో ఒక్కరికే ఉంది. చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాను."

"నాన్నా, అదీ..."

"నువ్వుండమ్మా. అబద్ధమాడటం కూడా సరిగ్గా రాదు ఇతనికి."

కళ్ళజోడు ఆయనే నాకు పెట్టి, చెవుల వెనక సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశారు. "ప్యాడ్లు పచ్చబడ్డాయి. బాగానే వాడావు. ఆ గీత అలాగే ఉండనీ, అద్దం మార్చను."

"అంటే... అండీ?"

"చెవులు కూడా పరీక్ష చేయించాలామ్మా ఇతనికి? రేపు పొద్దున్న, షాపు తెరవకముందే మీ అమ్మగారిని తీసుకురా బాబూ. మాట్లాడుకుందాం. కళ్ళజోడు ఉందా ఆవిడకి?"

"ఉందండీ," అన్నాను. ఒక కాడ దారంతో కట్టి ఉందని అనలేదు.

ఆమె నిలువుటద్దం వైపు తిరిగి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. గుండ్రంగా. ఈసారి నాకు కళ్ళజోడు ఉంది. అద్దంలో నవ్వు మొత్తం కనిపించింది.

ఇంటికెళ్ళి చెప్పగానే అమ్మ కంగారుపడింది.

"నా జోడు చూస్తే సంబంధం తప్పిపోతుందేమోరా. తీసేసి వస్తాలే."

"తీసేస్తే కోడలనుకుని షాపులో నిలువుటద్దాన్ని దీవిస్తావమ్మా."

అమ్మ కళ్ళజోడు తీసి, ఆవిరి ఊది, కొంగుతో తుడవబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"ఆ సబ్బేదో ఎక్కడుందో చెప్పు," అంది. "రేపు ఎనిమిదింటికల్లా బయలుదేరాలి."