ఆరో అంకణం

నెహెమ్యా చేతిపనికి నారాయణఖేడ్‌లో ఎవరూ వంక పెట్టరు. లెక్క దగ్గరే ఒక్కసారి బోల్తాపడ్డాడు. ఆడపిల్లల హాస్టల్‌లో పొడుగు గదికి, పొగను పసిగట్టి మోగే బ్యాటరీ అలారాలు ఎన్ని కావాలో రాసిచ్చేటప్పుడు పైకి చూసి దూలాలు లెక్కపెట్టాడు. ఐదు. లెక్కపెట్టాల్సింది దూలాలను కాదు, అవి విడదీసే అంకణాలను. పాతకాలపు కట్టడం కదా, ఒక్కో దూలం మూరెడు కిందికి దిగి ఉంది. ఒక అంకణంలో చేరిన పొగ అది నిండితే గానీ పక్కదానిలోకి పోదు. అందుకే అంకణానికొకటి బిగించాలి. ఐదు దూలాలకు అంకణాలు ఆరు.

2012 దసరా సెలవుల ఆఖరి రోజు అది. తెల్లారితే తనిఖీ, మాపటికి పిల్లలంతా దిగుతారు. తలుపు వైపు నుంచి ఐదూ బిగించి నిచ్చెన దిగేసరికి, చివరి గోడ దగ్గర ఆరో అంకణం బోసిగా మిగిలింది. దాని కింద ఎవరి మంచముందా అని చూస్తే, కూతురు షైనీదే! కాకి పిల్ల కాకికి ముద్దు. అటూ ఇటూ చూసి షైనీ మంచాన్ని ఐదో అంకణం కిందికి లాగాడు. అక్కడున్న హన్నమ్మ అనే పిల్ల మంచాన్ని ఆరోదాని కిందికి తోశాడు. సిగ్గనిపించింది. అయినా తోశాడు.

"నా మంచం గటెందుకు జరిపినవ్ నాయినా?" తండ్రి వెంట వచ్చిన షైనీ గుమ్మంలోంచి అడిగింది. పదేళ్ల పిల్ల.

"గోడకు చెమ్మున్నది బిడ్డా. నువ్వు వరండల కూసో. పొగ పెట్టి చూస్త."

కిటికీలు మూశాడు. ఐదు గంటలకే మబ్బు కమ్మింది, కరెంటు పోయింది. ఇనుప బకెట్లో నిప్పుల మీద తడి గోనెగుడ్డ వేసి గది నడుమ పెట్టాడు. గోనె కమురు వాసన, పాత సున్నం వాసన కలిసి గొంతుకు పట్టుకున్నాయి. టార్చి పైకి వేసి నిలబడ్డాడు. మూడో అంకణం నిండగానే అలారం కీచుమంది. పొగ దూలాలు దాటి అటూ ఇటూ పొంగింది. కాసేపటికి ఐదూ మోగాయి. హమ్మయ్య అనుకున్నాడు.

ఆ తర్వాత పొగ ఆరో అంకణంలో చేరింది. అంతా నిండింది. ఒక్క మూల మాత్రం నిండలేదు.

పొగ ఆ మూల దాకా పోతోంది. ఆగుతోంది. చుట్టు తిరిగి పోతోంది. నడుమ ఖాళీ. ఆ ఖాళీకి అంచులున్నాయి... వంచిన తల... ముడుచుకున్న మోకాళ్లు... కప్పుకు అతుక్కొని ఎవరో కూర్చున్నంత మేర పొగ లేదు.

గాలేమో అనుకున్నాడు. కిటికీలు మూసే ఉన్నాయి.

ఖాళీ కదిలింది. దూలం కిందుగా పాకి ఐదో అంకణంలోకి వచ్చింది. షైనీ మంచం పైన ఆగింది. అక్కడ మోగుతున్న అలారం... ఆగిపోయింది.

అంత భయంలోనూ నెహెమ్యాకు ఒక్కటి మాత్రం అర్థమైంది. రేపు ఈ మంచం పక్కన మంటలేచినా అది మోగదు. ఒక్క ఉదుటున మంచాన్ని నాలుగో అంకణం కిందికి ఈడ్చాడు.

ఐదోది మళ్లీ మోగింది. నాలుగోది ఆగింది.

"ప్రభువా..." అన్నాడు.

ఆ మోతకు చెవులు మూసుకొని షైనీ లోపలికి వచ్చింది. "గీ లొల్లి ఏంది నాయినా?"

"రాకు! ఆడనే ఉండు!"

అప్పటికే పిల్ల మొదటి అంకణం కింద ఉంది. పైనున్న ఆ ఖాళీ, మంచాన్ని వదిలేసి కదిలింది. నాలుగోది మోగింది. మూడోది ఆగింది... మోగింది. రెండోది ఆగింది... మోగింది. మొదటిది ఆగింది. అది మాత్రం వెంటనే మోగలేదు.

ఉరికిపోయి పిల్లను ఎత్తుకొని బయటపడ్డాడు. వాకిట్లో, ఆకాశం కింద దించాడు. లోపల అలారాలు మోగుతున్నాయి. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఒకటి కాదు, రెండు కాదు, ఐదూ మోగుతున్నాయి. అంటే అది లోపల లేదు.

"ఇంటికి పోదాం బిడ్డా," గొంతు తగ్గించి అన్నాడు. "జల్దీ నడువ్."

తెరిచిన తలుపులోంచి పొగ వాళ్ల వెనకే వచ్చింది. నెహెమ్యా ముఖాన్ని కమ్మింది, కళ్లు మండాయి. షైనీ దాకా వచ్చి రెండుగా చీలింది... పిల్ల తలకు జానెడు పైన, ఒక మనిషి ముడుచుకుని కూర్చున్నంత మేర, అవతలి గోడ తేటగా కనిపిస్తోంది.