ఊపిరి తుడిచేసిన పాట

ఆ అమ్మాయి మొదటిసారి మా గుమ్మంలో నిలబడి, "నా గొంతు ఎత్తుకొచ్చింది ఈ ఇంటివాళ్లేనా?" అని అడిగిన రోజు వాన ముసురు పట్టి ఉంది. వెనక పోలీసులు కూడా వస్తున్నారేమోనని నేను వీధి చివరిదాకా చూశాను.

ఆమె బస్టాండులో అనౌన్సరు. మా అబ్బాయి కంప్యూటర్లో పాటలు కడతాడు. బస్సుల వేళలు చెప్పే ఆమె మాటను ఫోనులో పట్టుకొచ్చి, తన ఎలక్ట్రానిక్ పాటలో కలిపి నెట్లో పెట్టాడు. ఆమెను అడగలేదు, కనీసం చెప్పలేదు.

"బాగుందని పెట్టానండీ," అన్నాడు తల దించుకుని.

"ఏదీ, వినిపించు."

విన్నది. "ఇందులో నేనెక్కడున్నాను? ఫ్రిజ్ మాట్లాడుతున్నట్టుంది."

"పిచ్, అదే శ్రుతి, సరిచేశాను. ఊపిరి శబ్దాలు కట్ చేశాను. ఒక్క గొంతే అయితే పల్చగా ఉంటుందని అదే గొంతుని ఒకదాని మీద ఒకటి నలభై లేయర్లు వేశాను."

"నలభై మందిని తెచ్చి నన్ను తొక్కించావన్నమాట. అందరూ ముందుకొచ్చి అరుస్తుంటే ఇక నేనెక్కడ వినిపిస్తాను?"

కేసు పెట్టలేదు. మళ్లీ సెలవు రోజున వచ్చింది, ఇంకో పాటలో తప్పులు పట్టడానికి. ఆ తర్వాత ప్రతి సెలవుకీ వచ్చింది.

"ఈ డ్రమ్ము గడియారంలా కొడుతోంది. మనిషన్నవాడు కాస్త అటూ ఇటూ తూలడా?"

"తూలితే తప్పంటారు."

"ఎవరూ?"

"నీలాంటివాళ్లే."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులు విని వంటింట్లో నేను దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. ఇంత బాగుందంటే ఏదో ఒకటి జరగబోతోందని.

జరిగింది. ఆమె గొంతులో జీర మొదలైంది. జలుబే కదా అనుకున్నారు. నేను మాత్రం అనుకోలేదు. స్వరపేటిక మీద చిన్న గడ్డ ఉంది, తీసెయ్యాలి, ఆ తర్వాత ఇదే గొంతు ఉంటుందని మాటివ్వలేను అన్నాడు డాక్టరు.

"నా గొంతు రికార్డు చేసి పెట్టు," అని మా వాణ్ని అడిగింది. "నేనెలా ఉండేదాన్నో నాకు తెలియాలి."

ఒక మధ్యాహ్నం వెనక గదిలో కూర్చుని పాడింది. మా వాడు నాలుగు రోజులు సరిగా తినకుండా ఆ పాట మీదే కూర్చున్నాడు. ఆస్పత్రిలో చేరే ముందు రోజు ఆమె వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విని, మెల్లగా తీసి బల్లమీద పెట్టింది.

"చాలా బాగా పాడింది. ఎవరీ అమ్మాయి?"

మా వాడు హెడ్‌ఫోన్ల వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

"నిన్ను ఒక్కటే అడిగాను," అని లేచి, బయట వాన పడుతున్నా ఆగకుండా వెళ్లిపోయింది.

"ఎందుకురా అలా చేశావు?" అన్నాను.

"ఉన్నది ఉన్నట్టు వినలేకపోయానమ్మా. జీర వచ్చిన ప్రతిచోటా నాకు ఆ గడ్డే వినిపించింది. తుడిచాను. తుడిస్తే ఇంకోచోట వినిపించింది. అందుకే లేయర్ల మీద లేయర్లు వేసి కప్పేశాను."

నాకు కోపం రాలేదు. వీడికి చిన్నప్పుడు దగ్గొస్తే నడి వేసవిలో మూడు స్వెట్టర్లు తొడిగి, ఒళ్లంతా చెమటకాయలు పేలేలా చేసినదాన్ని నేనే.

"మొదట పాడింది పాడినట్టు ఉందా, అదీ పోగొట్టావా?"

"ఉంది."

"పెట్టు. నేను పక్కన కూర్చుంటాను."

రికార్డులో కుర్చీ కిర్రుమంది. ఆమె ఊపిరి పీల్చుకుంది. రెండో చరణంలో జీర, దాని వెంటే దగ్గు. ఎక్కడో దూరంగా నా గొంతు: "అమ్మాయీ, చలిగాలి కొడుతుందేమో, కిటికీ మూయనా?" ఆమె నవ్వు: "పాడుతున్నానాంటీ, ఆగండి." మళ్లీ అక్కణ్నుంచే ఎత్తుకుంది. మా వాడు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

పొద్దున్నే వార్డులో అదే వినిపించాడు. దగ్గు దగ్గర ఆమె పెదవి కదిలింది.

"ఇది నేను," అంది. అంతలో స్ట్రెచర్ వచ్చింది.

ఆపరేషనయ్యాక పది రోజులు మాట్లాడకూడదన్నారు. మా వాడు మంచం పక్కన స్టూలు వదల్లేదు. ఆమెకు తోడుగా వచ్చిన వాళ్లక్క చూసీచూడనట్టు ఊరుకుంది. పదకొండో రోజున డాక్టరు సరేనన్నాడు. అందరం ఆమె నోటివైపే చూశాం.

"ఏంటి, అందరూ అలా చూస్తున్నారు?"

అది పాత గొంతు కాదు. లోతుగా, అంచు చిరిగిన గుడ్డలా ఉంది. మైకుకి ఇక పనికిరాదని నాకే తెలిసిపోయింది. ఆమెకి తెలియదా? మొహం గోడవైపు తిప్పుకుంది. తర్వాత మా వాడి చేతులవైపు చూసింది.

"రికార్డు చేస్తున్నావా?"

"లేదు. వింటున్నాను."

"ఇదా? ఇలాంటిది ఎన్నాళ్లు వింటావు?"

"నువ్వు మాట్లాడినన్నాళ్లూ."

కళ్లు తుడుచుకుంది. "అయితే జన్మంతా వాగుతూనే ఉండాలన్నమాట. అత్తయ్యా, కాసిని మంచినీళ్లివ్వండి."

నిన్నటిదాకా ఆంటీని. గ్లాసు నిండిందని చూసుకోకుండా పోస్తూనే ఉన్నాను, సగం నీళ్లు నేలపాలయ్యాయి.