కోర్టు చేతిలో నాయన చేను

కరుణాకరం పొద్దున్నే శనక్కాయ పీకడానికి చేనుకు పోయి, పోయినంత సేపు పట్టలేదు, మండిపడుతూ ఇంటికి తిరిగొచ్చాడు. గట్టు మీద కోర్టు డవాలీ బంట్రోతు నిలబడి ఉన్నాడు. మార్కాపురం కోర్టు రిసీవరును వేసిందట. దావా తేలేదాకా చేను ఆయన స్వాధీనమట. తన చేలో తాను కాలు పెట్టకూడదట! ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

దావా వేసింది ఎవరో కాదు, భర్త పోయి పుట్టింటికి చేరిన చెల్లెలు అన్నమ్మ. పొయ్యి దగ్గర సంకటి కెలుకుతోంది.

"తిండి పెట్టే అన్నను కోర్టుకీడ్చినావు గదే! సిగ్గులేదా నీకు?"

"ఊరికే పెట్టినావా? నీతో సమానంగా చేలో ఒళ్లు వంచలేదా?" అన్నమ్మ తెడ్డు విసిరి లేచింది. "మన కిరస్తానపోళ్ల చట్టంలో నాయన ఆస్తి ఆడబిడ్డకూ సమానమే. వాటా అడిగితే ఏం జేసినావు? నాకు దక్కగూడదని కంభం మస్తానయ్యకు అమ్మకం రాసిచ్చినావు!"

"రాసిచ్చినా! నా ఇష్టం! మద్రాసు హైకోర్టు దాకా పోతా!"

"నాయన చేను నీ ఒక్కడి ఇష్టమేంది?"

"నోళ్లు ముయ్యండి!" మూల కూర్చున్న తల్లి ఎలీషబా అరిచింది. "మీ నాయన కూలికి పోయి, కడుపు కట్టుకొని కొన్న చేను అది."

అప్పుడే వీధిలో బండ్ల చప్పుడు. మస్తానయ్య కూలీలను వేసుకొని చేను వైపు పోతున్నాడు. కరుణాకరం గబుక్కున వాకిట్లోకొచ్చాడు. కోపంలో సంతకమైతే పెట్టాడు గానీ, ఆ చేలోకి పరాయి బండ్లు దిగుతాయని అతను ఏనాడూ అనుకోలేదు. పరుగెత్తాడు. వెనకే అన్నమ్మ.

"నేను కొన్న చేను! అడ్డం లెయ్!" మస్తానయ్య గట్టు మీద గంతులేస్తున్నాడు.

బంట్రోతు కదల్లేదు. "అమ్మకం మీద కోర్టు స్టే ఉండాది. అమ్మినోడు, కొన్నోడు, దావా ఏసినామె, ఎవురూ దిగగూడదు. దిగితే జైలే."

మస్తానయ్య నోటికొచ్చినట్టు తిట్టి బండ్లు మళ్లించాడు.

కరుణాకరానికి ఒళ్లు మండిపోయింది, ఈసారి తన మీదే. ఆ స్టే లేకపోతే ఇవాళ నాయన చేను పోయేదే. పోగొట్టినవాడు తనే. చెల్లెలి వైపు చూశాడు. ఆమె కూడా గట్టు ఇవతలే ఆగిపోయింది.

"నువ్వూ దిగగూడదా?"

"దిగగూడదు. తెలిసే ఏసినా. ఎవురికీ అందకపోయినా సరే, చేను మిగిలితే చాలనుకున్నా." ఆమె అన్న వైపు తిరిగింది. "నా మీద కోపంతో నాయన కష్టాన్ని అమ్మినావు గదన్నా!"

కరుణాకరానికి ఏడుపు ఆగలేదు. "తప్పయింది తల్లీ," అన్నాడు.

బంట్రోతు చూపు తిప్పుకున్నాడు. "కాయ మొలకెత్తకముందే తీయించాలని రిసీవరు గారు రేపు కౌలు వేలంపాట పెడతాండారు. మీరు గూడా పాడొచ్చు. పేర్లు రాసుకోమన్నారు," అన్నాడు.

సొంత చేను కౌలుకు పాడడమా! నిన్నటి కరుణాకరమైతే బంట్రోతు చొక్కా పట్టుకునేవాడే. ఇప్పుడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"రాసుకో," అన్నాడు. "అన్నమ్మ. దాని కింద కరుణాకరం."