ఇందుజ అయిదో ప్రయత్నం

2093లో విశాఖపట్నంలో తక్కువ మార్కులొచ్చి ఏడ్చేవాళ్లు కనిపించరు. ఫలితాలొచ్చిన సాయంత్రమే ఊళ్లో సగం మంది మరపు పట్టీ కేంద్రాల ముందు వరసకట్టి నిలబడతారు. మర్నాటికి అందరి మొహాలూ కడిగిన ముత్యాల్లా ఉంటాయి. చూస్తే ఒళ్లు మండుతుంది.

మరపు పట్టీ అంటే నుదుటికి చుట్టుకునే వెడల్పాటి బట్ట. దాని లోపల సన్నని ఎలక్ట్రోడ్లుంటాయి. ఏదైనా సంగతిని తలుచుకున్నప్పుడు, ఆ జ్ఞాపకాన్ని పట్టి ఉంచే నాడీసంధులు, అంటే సినాప్సులు, కాసేపు వదులవుతాయి. అవి మళ్లీ బిగుసుకునేలోగా పట్టీ చిన్న విద్యుత్ తరంగాన్ని పంపి ఆ ముడి విప్పేస్తుంది. మార్కులు, రాసిన పరీక్ష, కేంద్రానికి వచ్చిన సంగతి, అన్నీ పోతాయి. ఇంట్లోవాళ్లు ఇక ఆ ఊసెత్తమని సంతకం పెడతారు. బాధతోపాటు బుద్ధి కూడా పోతుందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇందుజకు ఆ సంగతి దరఖాస్తు నింపుతుండగా తెలిసింది. సముద్రగర్భ శాస్త్రంలో పీజీ చేయాలని ఆమె పట్టుదల. చేపల పరిశోధనశాలలో పనిచేస్తూ, ఈ ఏడే తొలిసారి ప్రవేశపరీక్ష రాయబోతున్నానని అనుకుంటోంది. తెర మీద మాత్రం 'అయిదో ప్రయత్నం, ఇదే చివరిది' అని వచ్చింది. కింద నాలుగేళ్ల మార్కులున్నాయి. నాలుగుసార్లూ సీటుకు ఆమడ దూరంలో ఆగిపోయింది.

ఆమె నేరుగా పట్టీని కనిపెట్టిన డాక్టర్ మార్తాండ్ గదికి వెళ్లింది.

"ఏటా నన్ను కొత్తదాన్ని చేసి అదే గోతిలోకి తోశారండీ," అంది. "ఎక్కడ తప్పు చేస్తున్నానో నాకే తెలీకుండా చేశారు. ఇంక ఒక్కసారే మిగిలింది నాకు."

డాక్టర్ తెల్లబోయాడు. ఇంత లోపముందని ఇప్పుడే తెలిసిందని, రేపే అమ్మకాలు ఆపిస్తానని చెప్పాడు. అబద్ధమాడే మొహం కాదు. ఆమె ఫైలు తీయమని నమోదు యంత్రాన్ని అడిగాడు.

"ఈమె ఈ ఫిర్యాదు చేయడం ఇది మూడోసారి," అంది యంత్రం. "ముందు రెండుసార్లూ అమ్మకాలు ఆపిస్తానన్నారు డాక్టర్ గారూ. ఈమె పట్టీ పెట్టించుకుని వెళ్లాక, మీరూ పెట్టుకున్నారు."

డాక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. ఇందుజకు జాలి కలగలేదు. తన నాలుగు జవాబు పత్రాలూ అచ్చువేసి ఇమ్మంది. ఇక చచ్చినా పట్టీ ముట్టనంది.

"పోయినసారి కూడా ఇదే మాటన్నారు," అంది యంత్రం. "మొదటి కాగితం చూడగానే పట్టీ అడిగారు."

ఈసారి ఆమెకు తన మీదే మండింది. యంత్రం అచ్చువేసిచ్చిన కాగితం తిప్పింది. సంభావ్యత లెక్కలు పన్నెండూ తప్పు. ప్రశ్నలో చివరి వాక్యం చదవకుండానే జవాబు గుర్తించేసింది. రెండో పత్రంలోనూ అంతే, మూడో దాంట్లోనూ అంతే. చెవులు వేడెక్కాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకే నీకంత తొందర అని పైకే తిట్టుకుని, పెన్సిలు తీసుకుని మొదటి తప్పు కింద గీత గీసింది.

మూడో లెక్కలో ఉండగా ఎదుట చిన్న కూత వినిపించింది. డాక్టర్ తన నుదుటి మీంచి పట్టీ తీస్తున్నాడు. మొహం ప్రశాంతంగా ఉంది.

"కొత్తగా వచ్చావా అమ్మా?" అన్నాడు ఆప్యాయంగా. "భయపడకు. మా పట్టీ మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు."