బోర్లించిన రొట్టె

తొమ్మిదో వీధిలో చేపల బళ్లు అప్పుడే సర్దుకుంటున్నాయి. తమ ఇటాలియన్ రెస్టారెంటు తలుపులు తెరవకముందు ఇంటివాళ్లంతా కలిసి తినడం ఫిలోమెనా పెట్టిన నియమం. ఆ పొద్దున కూతురు ఒర్నెల్లా వచ్చి కూర్చోబోతూ ఆగిపోయింది. ఆమె ప్లేటు పక్కన రొట్టె బోర్లించి ఉంది. ఆ ఇంట్లో దానికి ఒకటే అర్థం: నీకిక్కడ చోటు లేదు, పో.

"ఏంటమ్మా ఇది?"

"నన్నడుగుతావేం?" ఫిలోమెనా ఒక ప్యాకెట్టు తీసి బల్ల మీదకి విసిరింది. ఫ్యాక్టరీలో చేసిన న్యోకీ, అంటే బంగాళాదుంప పిండి ఉండలు. "ఫ్రిజ్‌లో చేపల వెనకాల దాచింది నువ్వేగా! బయట బోర్డు మీద నా పేరుంది. దాని కింద కొన్న సరుకు పెడతావా? సిగ్గులేదూ?"

"సిగ్గా? ప్లేట్లు వెనక్కొస్తుంటే నిలబడి తిట్లు తిన్నది నేను. నువ్వు కాదు."

"అబద్ధాలకోరుదానా! నా న్యోకీ ఎవడు వెనక్కి పంపాడు? వీళ్లంతా రోజూ అదేగా తింటున్నారు, ఒక్కడైనా నోరెత్తాడా?"

పెద్ద కొడుకు గయెటానో విసురుగా ఫోర్కు పక్కన పెట్టాడు.

"రోజూ ఎందుకు తింటున్నామనుకున్నావమ్మా? నువ్వు చేసింది పారేయడానికి చెల్లికి చేతులు రాలేదు. బయటివాళ్లకి ప్యాకెట్టు, మనకి నీది. క్రిస్మస్ వెళ్లినప్పట్నించీ ఇదే తంతు."

"చెప్పొద్దన్నానా నీకు!" ఒర్నెల్లా అన్న మీద విరుచుకుపడింది.

చక్కెర జబ్బు వచ్చాక ఫిలోమెనా దుంప తినడం మానేసింది, తను చేసినవి రుచైనా చూడదు. ఇప్పుడు కూతురి ప్లేటులోంచి ఒక ఉండ తీసి నోట్లో వేసుకుంది. నాలుకతో నొక్కితే కరిగిపోవాలని పిల్లలకు నేర్పింది ఆవిడే. ఇది నమిలినా అణగలేదు. వణికే తన చేతులు పిండిని పిసికి పిసికి రబ్బరు చేశాయని అప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇదా మీరు తిన్నది? నా మొహాన చెప్పలేకపోయావే!"

"చెప్తే మళ్లీ వంటింట్లోకి వస్తావా నువ్వు?" అంది ఒర్నెల్లా. "నువ్వు లేని వంటిల్లు నాకెందుకమ్మా?"

ఫిలోమెనా ప్యాకెట్టు తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది.

"రేపట్నించి పిండి నువ్వు కలుపు. నేను పక్కన కుర్చీ వేసుకుని తిడతా."

"ఇప్పుడు చేస్తున్నదేంటో!"

"నోర్మూసుకుని కూర్చో. చల్లారిపోతోంది," అంటూ ఫిలోమెనా వణికే చేతులతో ఆ రొట్టెను తిరగేసి కూతురి ముందు సరిగ్గా పెట్టింది.